తేనె పోసిన దారి

"పిలవవే మీ దేవతని!" పూజారి జువా నా మీద అరిచాడు.

మా కొండ ఊరు కాల్చి, మమ్మల్ని బందీలుగా కట్టి తెచ్చిన బండిలోనే అమ్మవారి విగ్రహాన్నీ వీళ్ల హత్తుష నగరానికి తెచ్చారు. గుడిదాకా దారి పొడవునా తేనె పోశారు.

"ఇళ్లు తగలబెట్టి, అమ్మకి తేనె పోస్తార్రా? సిగ్గులేదూ!"

"ఆమె శాంతించి మా గుడిలోకి రాకపోతే ఊరంతా వల్లకాడవుతుంది. పిలువు, లేకపోతే నాలుక కోయిస్తా."

"కోయించు. తర్వాత నువ్వే పిలుద్దువుగాని."

అతని గొంతు తగ్గింది. "మీ భాషలో పిలిస్తేనే ఆమె వింటుంది. మాలో అది ఒక్కడికీ రాదు. పిలవమ్మా."

ఒక్కడికీ రాదా?

చేతులెత్తి, మా భాషలో తీయగా పాడాను. "తేనె తాగమ్మా. మన ఇళ్లు కాల్చినవాళ్లలో ఒక్కణ్ణీ వదలకు."

జువా భక్తిగా తలవంచాడు.

"అలాగే కానీ తల్లీ!"