కర్త లేని క్రియ

"వాన పడటమనే క్రియను ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్‌లో చెప్పు నవ్యశ్రీ."

కరీంనగర్‌లో స్పానిష్ నేర్పే వందన మేడం అడిగింది. నవ్యశ్రీ నేను, నువ్వు, అతను అంటూ వరుసగా రూపాలు మొదలుపెట్టింది.

మేడం నవ్వింది. "నువ్వు కురుస్తవా ఏంది? వానకు కర్త ఉండదమ్మా. ఒక్కటే రూపం, యోవియెరా. పడే ఆశ లేనప్పుడు 'వాన పడితే ఎంత బాగుండు' అంటం సూడు, గా మాట."

"మా అవ్వ దినాం అనేది గదే మేడం! 'కాలమైతే బాగుండు' అంటది."

చెన్నూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో అవ్వంటే అమ్మ, కాలమైందంటే వానలు పడ్డాయని. ఈసారి పడలేదు. పత్తి గింజ మన్నులోనే మాడింది. అవ్వ రెండోసారి పెట్టింది. అదీ మాడితే చదువు బంద్, నవ్యశ్రీ బట్టల షాపులో నిలబడాల్సిందే. పొద్దున ఫోన్లో కూడా అవ్వ తన జ్వరం సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, వాన మొగులు గురించే మాట్లాడింది.

క్లాసు అయిపోగానే ఫోన్ మోగింది. భూమన్న మామ, అవ్వ తమ్ముడు.

"బిడ్డా..." అన్నాడాయన. "కాలమైంది బిడ్డా. జల్ది రా."

"నిజమా మామా? ఎప్పుడు?"

"గిప్పుడే..." వెక్కివెక్కి ఏడుస్తూ మామ ఫోన్ పెట్టేశాడు.

సంతోషంతో ఏడవడా మరి! ఆయన చేను కూడా పక్కనే. మొలవని చోటల్లా మళ్ళీ గింజలు పెట్టాలి, మనుషులు కావాలి, అందుకే జల్ది రమ్మన్నాడు. నవ్యశ్రీ రోడ్డు మీదే గంతేసింది. అవ్వకు ఇష్టమని జిలేబీ కట్టించుకుని బస్సెక్కింది.

దారంతా యోవియెరా, యోవియెరా అని గొణుక్కుంటూనే ఉంది. ఇక అవ్వకు ఆ మాటతో పని లేదని సంబరం. మంచిర్యాల దాటినా కిటికీలోంచి దుమ్మే కొట్టింది. మా దిక్కే పడ్డట్టుందిలే అనుకుంది.

ఊళ్ళో దిగింది. చెప్పుల కింద ఎండిన మన్ను పెళపెళమంది. చేన్లు ఎర్రగా, బోసిగా ఉన్నాయి. జిలేబీ పొట్లం గుండెకు అదుముకుని ఇంటి వైపు పరుగెత్తింది.

ఊరు మొత్తంలో తడి ఉన్నది ఒక్క వాళ్ళ వాకిట్లోనే, అవ్వకు ఆఖరి స్నానం పోసిన చోట.