తెల్ల కవరు, నీలం కవరు

"సార్, మీరు మా గోలీ రాసి మూడు నెలలైంది. పేషెంట్లు ఏమంటున్నారో తెలుసా? పళ్ల డాక్టర్ చవక గోలీలు అంటగడుతున్నాడంటున్నారు," అన్నాడు మెడికల్ రెప్ జీవరాజు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని.

డాక్టర్ దేవానందానికి ఆ మాట కలుక్కుమంది. పన్నెండేళ్లుగా పద్మారావు నగర్‌లో పళ్లు పీకుతున్నాడు. కంపెనీ నొప్పి గోలీ రాస్తే పేదవాళ్లు పదికి బదులు రెండే కొనుక్కుని, ఆ తర్వాత దవడ పట్టుకుని కూర్చుంటున్నారు. అది చూడలేకే, అదే మందున్న జెనరిక్ గోలీకి మారాడు. మారినందుకు దక్కిన మెప్పు ఇదీ.

"అందుకేనయ్యా పరీక్ష పెట్టాను. పన్ను పీకించుకున్న వాళ్లకి రెండు కవర్లు ఇస్తున్నాను. మొదటి రోజు తెల్లది, రెండో రోజు నీలంది. ఒకదాంట్లో మీ గోలీలు, ఇంకోదాంట్లో జెనరిక్. ఏది ఏదో మా నర్సు ఆలిస్‌కి తప్ప నాకు కూడా తెలీదు."

"ఇప్పటిదాకా ఏం తేలింది సార్?"

"కాగితాలు వచ్చాక ఆలిస్ విప్పి చెప్పిన లెక్క ప్రకారం ఆరుగురిలో ముగ్గురు మీదే మేలన్నారు. ముగ్గురికి తేడా తెలియలేదు. ఏడో మనిషి ఇవాళ వస్తుంది. ఆవిడ కూడా మీదే మేలంటే, రేపట్నుంచి నోరు మూసుకుని మీదే రాస్తాను."

"ఆవిడకి ముందే ఏమైనా నేర్పి పంపారేమో," జీవరాజు నవ్వాడు.

"అందరికీ చెప్పిన మూడు ముక్కలే చెప్పాను. మత్తు దిగాక వేసుకో, కవర్లు కలపకు, పదికి ఎంత నొప్పి ఉందో కాగితం మీద నిజం రాయి. అంతే."

అంతలో ఎల్లమ్మ వచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో కూరగాయల బండి ఆమెది. బండి దగ్గర కేక వేస్తే సందు చివరికి వినబడాలి. ఇవాళ మాత్రం మెల్లగా, ముద్దముద్దగా మాట్లాడుతోంది. సోమవారం ఆమె కింది జ్ఞానదంతం తీయడానికి గంటన్నర పట్టింది. వేరు వంకర తిరిగి ఎముకలో కూరుకుపోయింది. అంత పన్ను తీశాక నొప్పి రాకుండా ఉండదు. గోలీల సత్తా తేల్చడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకదని దేవానందం ఆశంతా ఆమె మీదే పెట్టుకున్నాడు.

ఎల్లమ్మ కాగితం ఇచ్చింది. మంగళవారం పొద్దున సున్నా, సాయంత్రం సున్నా. బుధవారమూ అంతే.

"చదువు రాక ఊరికే సున్నాలు చుట్టినట్టుంది సార్," అన్నాడు జీవరాజు.

"నాకు అంకెలు రావా బిడ్డా? తూకమేసి అమ్మెటిదాన్ని. నొప్పి లేకుంటే సున్నా పెట్టుమన్నరు, పెట్టిన," అంది ఎల్లమ్మ. కొంగుతో గడ్డం తుడుచుకుంది.

దేవానందానికి గంతు వేయాలనిపించింది. వయసు గుర్తొచ్చి కుర్చీలోనే సర్దుకున్నాడు.

"విన్నావా? తెల్ల కవరు రోజూ సున్నా, నీలం కవరు రోజూ సున్నా. నీ గోలీకి పేరు తప్ప ఇంకేం ఉందయ్యా?"

జీవరాజు ముఖం వేలాడేసి బ్యాగు జిప్ లాగాడు.

"ఎల్లమ్మా, కింది పెదవి కొరుక్కున్నావా? రక్తం వస్తోంది," అంది పక్కనే ఉన్న ఆలిస్.

"గట్లనా? నాకు తెల్వనే లేదమ్మా." మళ్లీ కొంగుతో తుడుచుకుంది.

"ఆలిస్, కాసేపు ఆగు," అన్నాడు దేవానందం. ఆయన కళ్లు ఆ నాలుగు సున్నాల మీద నుంచి లేస్తే కదా. ఇన్నాళ్లూ చవక డాక్టరు అనిపించుకున్న బాధంతా ఆ కాగితంతో తీరిపోయినట్టుంది. ఆదివారం డాక్టర్ల మీటింగులో దాన్ని చదివి వినిపించాలని అప్పుడే అనుకున్నాడు కూడా.

"గోలీలు ఏమైనా మిగిలాయా ఎల్లమ్మా? ఉంటే ఇచ్చెయ్. లెక్క రాసుకోవాలి."

ఎల్లమ్మ నడుము దగ్గర దోపుకున్న సంచీ తీసింది. రెండు కవర్లూ బల్ల మీద పెట్టింది. తెల్లదానికీ నీలందానికీ ఆలిస్ కొట్టిన పిన్నులు కొట్టినట్టే ఉన్నాయి.

దేవానందం కవర్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటమ్మా, ఒక్కటీ వేసుకోలేదా?"

"మత్తు దిగినంక ఏసుకోమన్నరు గద సార్," అంది ఎల్లమ్మ, గడ్డం మీద వేలితో తట్టి చూసుకుంటూ. "సోమారం సంది సూస్తున్న. ఇంకా దిగలే."