ఖాళీ చేసిన గది

ఆగస్టు పద్నాలుగు. మధ్యాహ్నం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు. ఇరవై మూడేళ్ళయినా ఆ రోజు తిన్నది పెద్దాయన మరిచిపోలేదు.

మంచినీటి కేంద్రం క్యాంటీన్లో, విచారణకి గంట ముందు, ఎదురుగా కూర్చున్న రెండో షిఫ్టు ఆపరేటర్ ఒక గుడ్డు ఒలిచి ఆయన వైపు జరిపి అన్న మాట కూడా మరిచిపోలేదు.

"మీ ప్రోగ్రాం ఒక్కసారి చూసుకోండి. ట్యాంకు సగమే నిండిందని తెర మీద చూపించింది. నా కళ్ళతో చూశాను."

"చూశాను. అందులో తప్పు లేదు," అన్నాడు పెద్దాయన.

చూడలేదు.

అంతకు వారం ముందు ట్యాంకు పొంగి, కింది వీధిలో పన్నెండు ఇళ్ళలోకి నీళ్ళు వెళ్ళాయి. విచారణలో ఆయన చెప్పింది రెండే ముక్కలు. "యంత్రం అబద్ధం ఆడదు. మనిషే కునుకు తీసి ఉండాలి." మొహమాటం లేని మనిషివని పెద్ద ఇంజనీరు భుజం తట్టాడు. ఆ సాయంత్రమే ఆపరేటర్ ఉద్యోగం పోయింది.

ఇప్పుడు సి అనే కంప్యూటర్ భాషలో ఉన్న ఆ పాత ప్రోగ్రాంని రస్ట్ అనే కొత్త భాషలో తిరగరాస్తున్నారు. రాసేది పాతికేళ్ళ అమ్మాయి. పక్కన కూర్చుని పాతది విడమరిచి చెప్పడం పెద్దాయన పని. రిటైర్మెంటుకి ఇంకా పది రోజులున్నాయి.

"మీ రస్ట్ అత్తగారమ్మా," అనేవాడు. "గిన్నె కడిగి బోర్లించినా వంకే. మా సి అలా కాదు. మనిషిని నమ్ముతుంది."

"మీ సి గారాబం చేసే తాతయ్య సార్. నూతిలో దూకుతానన్నా, 'జాగ్రత్త నాన్నా' అని పక్కకి జరుగుతాడు."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఇవాళ ఆ అమ్మాయి నవ్వలేదు.

"సార్, ఈ లైను దగ్గర రస్ట్ కదలనంటోంది. మీరు రాసింది ఉన్నదున్నట్టే దించాను."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ట్యాంకు నీటిమట్టం అంకెని కంప్యూటర్ మెమరీలో దాచుకునే చోటు అది. పై లైనులో ఆ చోటుని కంప్యూటర్‌కి వెనక్కి ఇచ్చేశాడు. కింది లైనులో మళ్ళీ అక్కడి నుంచే అంకె తీసి తెర మీద వేస్తున్నాడు.

"లాడ్జిలో గది ఖాళీ చేసి, తాళంచెవి ఇచ్చేసి, మళ్ళీ అదే తలుపు తోసుకుని వెళ్ళి పడుకున్నట్టు సార్," అంది మెల్లగా. "చాలాసార్లు గది ఖాళీగానే ఉంటుంది. మన తువ్వాలు కూడా అక్కడే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వేరేవాళ్ళు దిగి ఉంటారు. సి ఏమీ అనదు. రస్ట్ గుమ్మంలోనే ఆపేసింది."

"వేరేవాళ్ళు దిగితే... తెర మీద?"

"ఏదో వేరే అంకె వస్తుంది. పాత యంత్రం మీద నడిపి చూశాను. నిండు ట్యాంకుకి యాభై శాతం చూపించింది. విచారణ ఫైల్లో రెండో షిఫ్టు ఆపరేటర్ చెప్పిందీ యాభయ్యే."

పెద్దాయన ఆ రెండు లైన్లూ మళ్ళీ చదివాడు. తల ఎత్తలేకపోయాడు. ఆ అమ్మాయి లేచి వెళ్ళి, సరిగ్గానే ఉన్న కిటికీ తెరని కాసేపు సర్దుతూ నిలబడింది.

అప్పగింత కాగితంలో ఒక గడి మిగిలి ఉంది. 'పాత ప్రోగ్రాంలో తెలిసిన లోపాలు.'

"వదిలేసినా ఎవరూ అడగరు సార్," అంది అటే చూస్తూ. "ఎలాగూ పాతది తీసేస్తున్నాం."

వీడ్కోలు సభలో చదవబోయే మాటలు ఆయనకి ముందే చూపించారు. మొదటి వాక్యం, 'ఒక్క తప్పూ దొర్లని ప్రోగ్రాం.'

పెన్ను మూత తీశాడు. మూత కింద పడి దొర్లిపోయింది. వంగలేదు.

'లోపం నాది. ఆనాటి రెండో షిఫ్టు ఆపరేటర్ చెప్పింది అక్షరాలా నిజం.' కింద సంతకం, తేదీ.

ఆ అమ్మాయి చదివింది. మూత వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆయన అడ్రసు ఉందా సార్? ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి కదా."

"ఉంది. నేనే చెబుతాను."

"తిడతారేమో. నేనూ రానా?"

"తిట్టే మనిషి కాదమ్మా. తిట్టి ఉంటే బాగుండేది."

నకలు ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. దారిలో ఎక్కడా దిగలేదు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరి, లోపలి గదిలో లైటు వేసి, ఆ కాగితాన్ని, తన ఆపరేటర్ ఉద్యోగం పోయిన మర్నాడు కూడా ఆయన డబ్బాలో గుడ్డు ఒలిచి పెట్టి, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారీ ఆ మాట ఎత్తకుండానే కిందటేడు కన్నుమూసిన భార్య దిండు మీద పెట్టి, లైటు తీసేసి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.