ఏడో నంబరు కవరు

“ఇవి ఫొటోలా, పాత సామాన్ల కొట్టా?” అంటూ డేగ పెదవి విరిచాడు.

గ్రంథాలయం మేడమీది గదిలో బల్ల చుట్టూ ఉన్న సభ్యులు కుర్చీల్లో సర్దుకున్నారు. ఫోకస్‌ని చేత్తో తిప్పుకునే పాత లెన్స్‌లతో తప్ప ఫొటో తీయని సంఘం అది. దానంతట అదే ఫోకస్ చేసుకునే కెమెరా ఉన్నవాణ్ని వాళ్లు మనిషి కింద జమకట్టరు. వాళ్లకి అధ్యక్షుడు డేగ. రిటైరైన సర్వేయరు. తన కంటికి ఏదీ తప్పదని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకోవడంతో ఎవరో వెనకనుంచి ఆ పేరు తగిలించారు. అది వెక్కిరింపని తెలియక ఆయన మురిసిపోయాడు.

కింద హాల్లో ఒక గోడ ఉంది. ఏటా పోటీలో గెలిచిన ఒకరి ఫొటోలు దానికెక్కుతాయి. నాలుగేళ్లుగా అక్కడున్నవి డేగవే: మంచు బిందువులు, సాలెగూళ్లు, మళ్లీ మంచు బిందువులు. ఈసారి పోటీలో బయటివాళ్లకూ చోటిద్దామని కార్యదర్శి టీచరమ్మ అంటే, ఓడిపోయేవాళ్లు పెరగడం మంచిదే కదా అని ఒప్పుకున్నాడు. మొహమాటాలు లేకుండా పేర్లు, చిరునామాలు కవర్లలో దాచి, నంబర్లకు చేతులెత్తించారు. ఏడో నంబరుకు పదకొండు చేతులు లేచాయి. మంచు బిందువులకు రెండు. అందులో ఒకటి డేగదే.

గోడ చెయ్యిజారిపోతోంది. ఆ ఊహకే ఆయనకు ఒళ్లు మండింది.

ఏడో నంబరు ఫొటోలు ఎనిమిది. అన్నీ ఒకే వంటింట్లో తీసినవి. ఆయన ఒక్కొక్కటే తీసి బల్లమీద పడేయసాగాడు.

“చూడండి ఈ ఘనకార్యం! ఒకవైపు ఊడి తీగకు వేలాడుతున్న అలమర చెక్క. గుడ్డపీలికలు చుట్టిన కుళాయి. స్టవ్వుకు నాబ్ లేదట, కటింగ్ ప్లేయరుతో తిప్పుతున్నారట! కిటికీకి అద్దం బదులు అట్టముక్క. మా ఆవిడకి లెన్స్ మూత ఎటుంటుందో కూడా తెలీదు. ఆవిడైనా ఇంతకంటే నయంగా తీస్తుంది.”

నలుగురు నవ్వారు. మందుల షాపాయన మాత్రం ముందుకు వంగాడు.

“ఆ ప్లేయరు పట్టుకున్న చెయ్యి చూడండి సార్. మణికట్టు మీద కాలిన మచ్చ ఎంత స్పష్టంగా పడిందో!”

“అది లెన్స్ గొప్ప. తీసినవాడి గొప్ప కాదు. యాభై ఎమ్‌ఎమ్, అంచుల్లో మసక. చవక సరుకు. అలాంటిది నేనెప్పుడో అటకమీద పారేశా. ఈమధ్య ఎవరు కొన్నారో నాకు తెలీదనుకోకండి.”

ఒక్క చూపులో లెన్స్‌ని గుర్తుపట్టినందుకు అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. పోయిన నెల అలాంటి లెన్స్ కొన్నది మందుల షాపాయనే.

డేగకు లెక్క తేలిపోయింది. మందుల షాపాయనకు పెళ్లి కాలేదు. షాపు వెనక ఒంటిగదిలో మకాం, హోటల్లో భోజనం. వంటిల్లే లేనివాడికి వంటింటి ఫొటోలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయి?

“ఇదంతా సెట్టు,” అని ఆయన బల్లగుద్దాడు. “కల్పించిన దృశ్యాలు పనికిరావని నియమం రాసిందే నేను. ఎక్కడైనా ఇలాంటి వంటిల్లు ఉంటుందా?”

“ఎందుకుండదు సార్?” అంది టీచరమ్మ.

“ఉంటే ఆ ఇంటాయన గాడిదలు కాస్తున్నాడా? మూడుపూటలా మెక్కుతాడు కదా, ఒక్క నాబ్ బిగించలేడా? కళ్లున్నవాడెవడైనా చూస్తూ ఊరుకుంటాడా?”

“ఆయన కూడా ఉన్నాడు లెండి, ఎనిమిదోదాంట్లో,” అన్నాడు మందుల షాపాయన.

డేగ ఆ ఫొటో ఎత్తి పట్టుకున్నాడు. ముందు అంట్లగిన్నెలు, అంచుల మీది సొట్టలతో సహా స్పష్టంగా ఉన్నాయి. గుమ్మం అవతల కుర్చీలో ఏదో ఆకారం, తలా మొండెమూ కలిసిపోయి ఉంది.

“ఇదా? నేను బట్టల మూట అనుకున్నా! మనిషిని ముద్ద చేసి గిన్నెలకు ఫోకస్ పెట్టాడు మహానుభావుడు!”

“కావాలనే అలా వదిలేశారేమో సార్,” అంది టీచరమ్మ.

“మీ కవిత్వం కట్టిపెట్టండమ్మా. నిజం వంటిల్లయితే చూపించమనండి. ఇప్పుడే అందరం వెళ్దాం. ఉందా, గోడమీది నా ఫొటోలు నా చేత్తోనే దించుతా. లేదా, ఈయన సంఘంలోంచి దిగిపోవాలి.”

“ఈయనంటే ఎవరు సార్?” అని అడిగాడు మందుల షాపాయన.

“ఇంకెవరు, మీరే!”

“ఏడో నంబరు నాది కాదండీ. నాది రెండో నంబరు. పరీక్ష తప్పినవాడి మొహంలా ఉన్నాయని ఇందాక మీరు తీసిపారేశారే, అవి నావి.”

గదంతా గొల్లున నవ్వింది. డేగ మొహం కందగడ్డయింది. వెనక్కి తగ్గితే ఇన్నేళ్ల పరువూ గంగలో కలుస్తుంది.

“ఎవడిదైతే నాకేంటి? అన్నమాట అన్నమాటే. కవరు విప్పండి. తీసినవాడి చిరునామా ఉంటుందిగా, వెళ్లి ఆ వంటిల్లు సంగతేంటో తేలుద్దాం.”

టీచరమ్మ కవరు చించి చీటీ చదివింది. తల ఎత్తి డేగను చూసి, మళ్లీ మొదటినుంచీ చదివింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“అందరం ఎందుకు సార్? మీరొక్కరు వెళ్లి చూసుకుంటే చాలు,” అంది.

“నేనొక్కణ్నే ఎలా వెళ్తానమ్మా? దారి తెలియొద్దూ?”

ఆమె చీటీని ఆయన చేతిలో పెట్టింది. డేగ మడతలు విప్పాడు.

పేరు కింద ఉన్నది ఆయన ఇంటి చిరునామా.