ఎదురుకాళ్ల పూనం

సీతయ్య వచ్చి అరుగు మీద బోర్లా పడుకుని చాలాసేపయింది. పూనం మాత్రం గడప దగ్గరే కూర్చుంది. కుడికాలు వేడి ఉప్పునీళ్ల గిన్నెలో ఉంది, తీసే ఉద్దేశం కనబడటం లేదు.

"రా కోడలా, జర తొక్కిపో. పొద్దుగాల్నుంచి వంగితే ఒట్టు," అన్నాడు ఊరివరసకు మామయ్యే సీతయ్య, నేలకేసి చూస్తూనే.

"ఇయ్యాల కాదు మామా. మడమ మస్తు నొస్తాంది."

"నీ మడమకేమైంది? నొచ్చేది నా నడుము గదా!"

సరిహద్దు ఊరు ఎర్రబోరులో ఎవరికి నడుం పట్టేసినా ఆ అరుగు మీదికే రావాలి. పూనంకి ఎదురుకాళ్ల పిల్లని పేరు. తల కాకుండా కాళ్లు ముందొచ్చి పుట్టినవాళ్లు నడుం తొక్కితే పట్టు వదులుతుందని ఆ పక్క అందరికీ నమ్మకం. పొరపాటున ఒకరికి కాలు తగిలితేనే లెంపలేసుకునే ఊరు, ఆ పిల్ల కాలు తగిలితే చాలని వచ్చి వరసగా బోర్లా పడుకునేది. పోయేటప్పుడు ఇప్పపువ్వో చింతపండో, ఉన్నదేదో పెట్టిపోయేది.

ఆ పేరు పుట్టుకతోనే వచ్చింది. తల్లి భీమే పురిటికని చర్ల దగ్గర పుట్టింటికి వెళ్లిన రోజుల్లో, ఇక్కడ భర్త జోగ పొలంలో పిడుగు పడి పోయాడు. బిడ్డ పుట్టిందీ ఆ రోజే. తండ్రిని మింగి పుట్టిందన్న మాట ఊళ్లో అప్పుడే మొదలైంది. తీరా భీమే పసిగుడ్డుతో బస్సు దిగి, కాళ్లు ముందొచ్చి కాన్పు ఎంత కష్టమైందో చెప్పేసరికి ఊళ్లో నడుములన్నీ ఆలోచనలో పడ్డాయి. కొన్నాళ్లకే ఒక ముసలాయన వచ్చి ఆ లేతపాదాన్ని వీపుకి తాకించుకుని నిటారుగా నడిచిపోయాడు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పూనం పన్నెండో తరగతి పూర్తిచేసి ఫారెస్టు గార్డు భర్తీకి దరఖాస్తు పెట్టింది. మిగిలింది దంతెవాడలో దౌడ్, అదే పరుగు పరీక్ష, ఒక్కటే. అంతవరకు ఆమెకు పరుగంటే మేకల వెనక పరుగే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కొత్త బూట్లు తొడుక్కుని తారురోడ్డు మీద ఊరు దాటి ఊరు ఉరికింది. ఆ ముచ్చట తీరకముందే మడమ పట్టుకుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే తుమ్మముల్లు దిగినట్టుండేది. నాలుగడుగులేస్తే సర్దుకునేది, కూర్చుని లేస్తే మళ్లీ మొదలు.

కోంటా ఆసుపత్రిలో డాక్టరు మడమ నొక్కి చూశాడు. అలవాటు లేని కాలిని ఒక్కసారిగా అంత పరిగెత్తిస్తే అరికాలు వాచక ఏం చేస్తుందని హిందీలో మందలించాడు. పరుగు తగ్గించమన్నాడు. గోడ పట్టుకుని పిక్కలు సాగదీయమన్నాడు, ఐసు కట్టిన నీళ్లసీసా అరికాలి కింద దొర్లించమన్నాడు. పూనం చెప్పినట్టే చేసింది. కూల్‌డ్రింకుల కొట్టువాడు ఫ్రిజ్‌లో ఆమె సీసాకి ఓ మూల ఇచ్చాడు. నొప్పి సగానికి దిగింది.

అదిగో, అలాంటప్పుడే, పూనం తొక్కనన్న ఆ రోజు, సీతయ్య నడుం పట్టుకుని తనంతట తనే లేస్తూ ఒక మాట అన్నాడు.

"ఇన్నేండ్ల సంది ఊరందరి నొప్పులు తొక్కినవ్. అవి యాడికి పోతయ్ బిడ్డా? నీ మడమలనే దిగినయ్. దేవుడిచ్చిన కాళ్లు, ఉరికేటందుకు ఇయ్యలే."

ఊరు ఊరంతా అవునంది. పిల్ల నౌకరీకి పోతే తమ గతేం కావాలన్న బెంగ, నడుమున్న ప్రతివాళ్లకీ ఉంది మరి. పూనం బూట్లు అటకెక్కించేసింది. సీసా కొట్లోనే ఉండిపోయింది.

"డాక్టరు చెప్పింది చెయ్యవేందే?" అంది భీమే.

"అరికాలి వాపైతే సీసాకు తగ్గుతది. ఇది అది కాదమ్మా."

"సగం తగ్గిందన్నవ్ గదా!"

"తగ్గినా మల్ల వస్తది. ఎంతమందిని తొక్కిన్నో నీకు తెల్వదా?"

తునికాకు కోసి కోసి భీమే వేళ్లు నల్లబడ్డాయి. కూతురైనా నెలజీతం మీద బతకాలని ఆమె కోరిక. ఆ కోరిక ఇప్పుడు ఊరి నడుముల కింద నలుగుతోంది.

దౌడ్ రోజు రానే వచ్చింది. తెల్లవారుతూనే దంతెవాడ జీపు రోడ్డు మీద హారన్ కొట్టింది. అరుగు మీద సీతయ్య మళ్లీ బోర్లా పడుకుని ఉన్నాడు. పూనం కాలెత్తబోతోంది.

"పూనం, జీపొచ్చింది. నడువ్."

"నేను రాను. ఇవి వట్టి కాళ్లు కావమ్మా. ఉరికిస్తే మంచిది కాదు."

భీమే అటక మీది బూట్లు దించి తెచ్చింది. చెప్పదలచుకున్నది సీతయ్య వెళ్లాక చెబుదామనుకుంది. కానీ జీపు ఆగేలా లేదు.

"అన్నా, జర లేచి కూసో. నేనీ పిల్లనెత్తుకొని బస్సు దిగిన్నాడు ఊరేమనుకున్నది?"

సీతయ్య మూలుగుతూ లేచాడు. "పాత ముచ్చట ఇప్పుడెందుకు చెల్లె? ఎదురుకాళ్ల పిల్లని తెల్సినంక ఎవరన్నా నోరెత్తిన్రా?"

"ఎత్తలే," అంది భీమే.

కూతురి ముందు గొంతుకూర్చుంది. నొచ్చే కాలిని ఒళ్లోకి తీసుకుని బూటు తొడిగింది. లేసులు ముడివేసింది.

"నువ్వు అందరి లెక్క తలతోనే పుట్టినవ్ బిడ్డా."