కౌజు పిట్టల తొలి గుడ్డు

ఇటు దగ్గరికి జరగండి. ఆ టీవీ చప్పుడు తగ్గించండి. ఇది గట్టిగా అరిచి చెప్పే ముచ్చట కాదు.

నార్కట్‌పల్లికి ఆవల ఒక ఊళ్ళో శ్రీవాణి అనే కోడలు ఉంది. ఆ సాయంత్రం కూడా రేకుల కొట్టం ముందు కూర్చుని జాలీ గూట్లోకి చూస్తోంది. గూటి నిండా కౌజు పిట్టలు, ఒక్కొక్కటి గుప్పిట్లో ఇమిడేంత. కింద పరిచిన వరిపొట్టునంతా కళ్ళతోనే గాలించింది. గుడ్డు లేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి వెతికింది.

ఆమెకు ఐదో నెల. నిరుడు ఇదే ఐదో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు బాత్రూంకు వెళ్ళిన ప్రతిసారీ ముందు బట్ట చూసుకుంటుంది. మరక లేదంటేనే ఊపిరి వదులుతుంది.

మనసు మళ్ళుతుందని మొగుడు సైదులు ఈ పిట్టలు కొనిచ్చాడు. ఫారంలో ఆమే ఏరుకుంది. రొమ్ము మీద నల్లచుక్కలున్న వాటికి ఏదో తెగులనుకుని పక్కకు నెట్టింది. ఎర్ర రొమ్ముతో మిసమిసలాడేవే పట్టుకొచ్చింది.

"నెలన్నర ఈడుకు గుడ్డు మొదలుపెడ్తయమ్మా" అన్నాడు ఫారం అతను.

ఆ మాట వినగానే ఆమె లోపల ఒకటి అనుకుంది. ఇవి గుడ్డు పెడితే నా కడుపు నిలుస్తుంది. పెట్టకపోతే... ఆ మిగిలింది అనుకోవడానికే భయం. సైదులుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఈడు దాటింది, గుడ్డు లేదు. ఎంతసేపూ ఒకదాన్నొకటి తరుముకుని నెత్తిన పొడుచుకోవడమే. ఒక పిట్ట నెత్తి మీద రక్తం కనబడిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, ఇలా తినకుండా, నిద్ర పోకుండా ఉంటే బిడ్డకే కష్టమని గట్టిగా చెప్పింది. ఆ మాటతో ఉన్న భయానికి ఇంకో భయం తోడైంది.

ఇక అత్త నర్సింగమ్మ సంగతి చెప్పాలి. నోరు తెరిచిందంటే నాలుగిళ్ళకు వినబడాల్సిందే.

"గీ పిట్టలను దాబాకు అమ్మిపారేస్త. రెండు నాటుకోళ్ళు తెస్త. గుడ్డు లేదు గిడ్డు లేదు, ఊకె లొల్లి."

"అత్తమ్మా, జర ఆగుండ్రి. ఇయ్యాల కాకుంటె రేపు పెడ్తయి."

"నీ రేపు ఎప్పుడొస్తదే? గవి పెట్టవు, నువ్వు తినవు. మీ అందరితోని నాకు సావొచ్చింది."

శ్రీవాణి లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. వాకిట్లో సైదులు గొంతు వినబడింది.

"అమ్మా, అమ్ముడు మాట ఎత్తకు. గవి గుడ్డు పెడ్తెనే కడుపు నిలుస్తదని మనసుల పెట్టుకున్నది. పండుకుంటలేదు. ఎంత చెప్పినా ఇంటలేదు."

అత్త ఇంత పెద్ద తిట్టు తిడుతుందని శ్రీవాణి కళ్ళు మూసుకుంది. అత్త "పిచ్చి పిల్ల" అని మాత్రం అంది.

తెల్లారి కొట్టానికి తాళం కప్ప వేలాడుతోంది.

"ఇగ నువ్వు పిట్టల దిక్కు పోకు. కడుపుతోని ఉన్నదానికి గా వాసన పడది. మేత నేనే ఏస్త" అని తాళంచెవి కొంగున ముడేసుకుంది నర్సింగమ్మ. తర్వాత సంచి చంకన పెట్టుకుని నల్గొండ బస్సెక్కింది. ఎందుకో చెప్పలేదు.

బేరం మాట్లాడటానికే పోయిందనుకుంది శ్రీవాణి. మధ్యాహ్నం మెతుకు దిగలేదు. నడుములో సన్నగా నొప్పి మొదలైనట్టనిపించి, గోడ పట్టుకుని బాత్రూందాకా వెళ్ళి చూసుకుని వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

పొద్దుగూకుతుండగా అత్త దిగింది. ఇంట్లోకి రాకుండా తిన్నగా కొట్టంలోకి పోయింది. లోపల రెక్కల టపటప. పట్టి సంచిలో వేస్తోందనుకుని శ్రీవాణి గుమ్మంలోకి వచ్చింది.

"ఓ శ్రీవాణీ! గిటు రాయే! పెట్టింది!"

అత్త అరచేతిలో ఉసిరికాయంత గుడ్డు. గోధుమరంగు మచ్చలు.

"పట్టి సూడు. ఇంకా ఎచ్చగనే ఉన్నది."

నిజంగానే వెచ్చగా ఉంది. శ్రీవాణి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

"గింత గుడ్డుకు గంత ఏడుపా? దా, బువ్వ తిను ముందు."

ఆ రాత్రి ఆమె కడుపునిండా తిని నిద్రపోయింది. మర్నాడు రెండు గుడ్లు, ఆ తర్వాత ఇంకొన్ని. ప్రతి సాయంత్రం నర్సింగమ్మే ఏరి తెచ్చేది, ఉడకబెట్టి దగ్గర కూర్చుని తినిపించేది. ఐదో నెల దాటింది. బీపీ దిగింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, కెవ్వుమని గట్టి గొంతుతో. బాలింత ఇంటికి వచ్చేసరికి గూడు ఖాళీ. పసిపిల్ల ఉన్న ఇంట్లో పిట్టల వాసన ఎందుకని అత్తే తీసేయించింది.

ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి, మీ ఇళ్ళకు పోయాక మీవాళ్ళకూ చెప్పండి, కానీ శ్రీవాణి చెవిన మాత్రం పడనీయకండి: ఆ పిట్టలన్నీ మగవేనని, అందులో పెట్ట ఒక్కటీ లేదని నర్సింగమ్మకు అవి వచ్చిన వారానికే తెలుసు.