మూల నక్కిన పిల్లలు

"ఏది పెట్టో, ఏది పుంజో ఇప్పుడే చెప్పడం నావల్ల కాదమ్మా," అన్నాడు కోడిపిల్లలమ్మేవాడు.

"ఆమాత్రం నాకు తెలుసులే. ఎగిరెగిరి పొడిచేవి పుంజులు, మూల నక్కినవి పెట్టలు." గుడ్ల మీద ఆశతో వచ్చిన అత్తగారు, ముడుచుకున్న పిల్లలనే ఏరి కోడలు పట్టుకున్న బుట్టలో వేస్తోంది.

"చూడగానే ఎలా చెప్తారత్తయ్యా?"

"నిన్నెలా ఎంచుకున్నా? చూడ్డానికొచ్చిన రోజు మూల కూర్చుని తలెత్తలేదు. నోట్లో నాలుకలేని పిల్లని అక్కడే ఖాయం చేశా."

కోడలు పకపకా నవ్వింది. "ఆరోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం! తగ్గాక నా నోటి సంగతి మీకు తెలిసిందేగా?"

అత్తగారి చెయ్యి ఆగింది. అరచేతిలో పిల్ల సన్నగా వణుకుతోంది.

ఏరినవన్నీ మెల్లగా వెనక్కి దించి, గోల చేస్తున్న గుంపులో చెయ్యి పెట్టింది. ఒకటి వేలు చురుక్కుమనేలా పొడిచింది.

"పుంజైతే అయింది," అంది దాన్ని బుట్టలో వేస్తూ. "ఇది మనింటి పిల్ల."